నీలి గిన్నికోళ్ళు అరిచిన పొద్దు

నోల్మోంగెన్ అత్తగారికి కోడలంటే ఇష్టం లేకపోలేదు. కాకపోతే ఆ ఇష్టం గిన్నికోళ్ళ తర్వాతే. మేకల దొడ్డిలో పెంటికలు కెలకడానికి రోజూ వచ్చే ఆ నీలిరొమ్ము, బోడితల గుంపుకి ఆవిడ మంద కబుర్లన్నీ చెప్పుకునేది. కోడలు కనబడితే మాత్రం నీళ్ళేవని అడిగేది.

ఆ రోజూ నోల్మోంగెన్ నీళ్ళకే వెళ్ళింది. ఎండిన ఏటి ఇసుకలో గుంట తవ్వి, డబ్బా నింపుకుని వస్తుంటే ఇంటివైపు నుంచి గిన్నికోళ్ళ అరుపు మొదలైంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు, ఆగకుండా. అది వినగానే ఎవరైనా ఆకాశంలోకి చూస్తారు, గద్ద వచ్చిందేమోనని. మేకపిల్లల్నీ పసివాళ్ళనీ ఇక బయట ఉంచరు.

ఆమె వచ్చేసరికి అత్తగారు కర్ర ఊపుతూ ఆకాశం వెతుకుతోంది. నాలుగు మేకపిల్లల్నీ, చెట్టునీడన నిద్రపోతున్న ఎనిమిది నెలల మనవరాలు నారేయోనీ ఇంట్లో పెట్టి, వాకిలికి తలుపులా కట్టిన తోలు దించేసిందట.

"కంగారు పడకే. అందరూ లోపలే ఉన్నారు," అంది.

నోల్మోంగెన్‌కి కంగారు పుట్టింది అప్పుడే. గద్దయితే గిన్నికోళ్ళు ఈపాటికి ముళ్ళపొదల్లో దూరాలి. ఇవి వాకిలి ముందే గుమిగూడి, మెడలు సాచి, తోలు కింది సందులోకి చూస్తూ అరుస్తున్నాయి.

తోలు అంచు వేలెడు ఎత్తింది. లోపల బుస్సుమంది. గుమ్మం లోపలే, జానెడు దూరంలో, లావుపాటి బూడిదరంగు పాము చుట్టచుట్టుకుని ఉంది. దాని వెనక మేకపిల్లలు మూలకి నక్కాయి. ఇంకా లోపల, పడక మీద, బిడ్డ చెయ్యి కదిలింది. లేచిందంటే వెలుతురు వైపే పాకుతుంది.

తోలు మెల్లగా దించి ఇంటి వెనక్కి పరుగెత్తింది. కర్రలు పాతి, పేడ మెత్తి ఆ ఇల్లు కట్టింది తనే. పడక ఏ కర్రల దగ్గరుందో వెతకక్కర్లేదు. గోళ్ళతో పెళ్ళలు పీకి, రెండు కర్రలు విరిచింది. లోపల చీకటి. ఈలోగా పాము ఇటు జరిగిందో లేదో తెలియదు.

చెయ్యి పెట్టింది. ఏదో వెచ్చగా వేళ్ళ కింద కదిలింది. బొచ్చు. మేకపిల్ల. ఇంకాస్త లోపలికి పెట్టింది. చిన్న భుజం దొరికింది. అందిన చోట పట్టుకుని లాగేసింది. నారేయో ఒళ్ళంతా పేడ దుమ్ముతో కెవ్వుమంది.

ఇరుగుపొరుగు ఈటెలతో వచ్చి పాముని చంపి, మేకపిల్లల్ని బయటికి తోలారు. ఎలా జరిగిందని అందరూ అడిగారు. నోల్మోంగెన్ బిడ్డ కాళ్ళూ చేతులూ తడుముకుంటూనే ఉంది. అత్తగారు గోడకున్న కన్నం ముందు చతికిలబడింది.

"పైకే చూశాను అమ్మాయ్, అవెటు చూస్తున్నాయో చూళ్ళేదు. ఇంట్లో చీకట్లో ఏముందో చూడకుండా పాము దగ్గరికి పిల్లని చేర్చింది నేనే. తప్పు నాదే."