పంతొమ్మిదో ఎలక్ట్రాన్

ఆ రోజు గొడవ టీ వడకట్టే జాలీ దగ్గర మొదలైంది. మా వంటింట్లో దానికంటూ ఒక మేకు ఉంది. కడిగి, దులిపి, ఆ మేకుకు తగిలిస్తే నీళ్లు కారిపోయి ఆరుతుంది. మా తోడికోడలు కడిగిన జాలీని గ్లాసులో బోర్లించి పోతుంది. లోపల చెమ్మ పట్టి సాయంత్రానికి పాత టీ వాసన వేస్తుంది. ఆమె ఈ ఇంటికి వచ్చిన ఎనిమిది నెలల నుంచీ చెబుతూనే ఉన్నాను. ఆ ఉదయం మళ్లీ గ్లాసులోనే ఉంది.

"మేకు కళ్లకు కనబడదా?" అన్నాను.

"కనబడుతుందక్కా. అందదు, అంతే," అంది జడ బిగించుకుంటూ. ఆమె నాకంటే జానెడు పొట్టి.

నేను దానికో మాట అన్నాను, తను ఇంకో మాట అంది. మధ్యలో మా అత్తయ్య, కోడళ్లకు చెరో జాలీ కొని పడేస్తే ఇంట్లో కాస్త నిశ్శబ్దంగా ఉంటుందని మావారితో అన్నారు. మా పిట్ట పకపకా నవ్వింది. నవ్వింది నానమ్మ మాటకు కాదు, అంతకుముందు పిన్ని అన్న మాటకు. నా మాటకు అది అలా నవ్వి చాలా రోజులైంది. జాలీని తీసి మేకుకు తగిలించాను. నా కోపం జాలీ మీద కాదని నాకు తెలుసు.

పిట్ట మా అమ్మాయి. తొమ్మిదో తరగతి. గింజుకోవడమూ, కిచకిచలూ అలాగే ఉంటాయని పసితనంలో మా మరిది పెట్టిన పేరు. ఆ నెల వాళ్లకు బడిలో పరమాణు నిర్మాణం, ఆవర్తన పట్టిక పాఠాలు మొదలయ్యాయి. కాలేజీలో నేను చదివింది రసాయన శాస్త్రం. మా తరగతిలో మొదటి మార్కు నాదే. ఉద్యోగం చెయ్యొద్దని నన్నెవరూ అనలేదు. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంటూ నేనే వాయిదా వేశాను. ఆ చదువు అక్కరకొచ్చే రోజు ఒకటి వస్తుంది, పిట్ట ఆ పాఠం దగ్గరికి వచ్చిన రోజు, అని మాత్రం ఎప్పటినుంచో అనుకుంటూ ఉన్నాను.

వచ్చింది. ఒక ఆదివారం భోజనాల బల్ల తుడిచి, పెద్ద కాగితం పరిచి, స్కేలుతో గళ్లు గీసి కూర్చోబెట్టాను. నేను చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. పరమాణువు మధ్యలో కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు. చుట్టూ కక్ష్యల్లో ఎలక్ట్రాన్లు. ఎన్ని ప్రోటాన్లుంటే అది ఆ మూలకం పరమాణు సంఖ్య. హైడ్రోజన్‌కు ఒకటి, హీలియంకు రెండు, లిథియంకు మూడు. ఒకే నిలువు వరుసలో ఉన్నవాటికి బయటి కక్ష్యలో ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే, అందుకే వాటి గుణాలు కలుస్తాయి. చెప్పింది చెప్పినట్టు అప్పగించమన్నాను. ఫ్లోరిన్ దాకా వచ్చి పిట్ట ఆవులించింది. నిద్రొస్తోందా అంటే లేదంది, మళ్లీ ఆవులించింది.

అప్పుడే మా తోడికోడలు డ్యూటీ దిగి వచ్చింది. ఆమె ఒక లాడ్జిలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. వచ్చినవాళ్ల పేరు రాసుకుని, తాళం చెవి ఇచ్చి, గది చూపించమని పంపడం ఆమె పని. చదివింది కామర్సు. చెప్పులు కూడా విప్పకుండా పుస్తకంలోకి తొంగిచూసి, ఓ పేజీ చదివి, ఇదంతా మా లాడ్జే కదే అంది.

ఆ తర్వాత జరిగింది నేను వంటింట్లోంచి విన్నాను. కేంద్రకం అంటే కౌంటరు. ప్రోటాన్లు కౌంటరు వెనక వేలాడే తాళం చెవులు. ఎన్ని చెవులుంటే అంతమందికే చోటు, అంతమందే ఎలక్ట్రాన్లు. మొదటి అంతస్తులో రెండు గదులు, రెండో అంతస్తులో ఎనిమిది, మూడో అంతస్తులో పద్దెనిమిది. కింది అంతస్తు నిండాకే పైది తెరుస్తారు. పై అంతస్తులో ఒక్కడే పడ్డవాడికి తోచదు, ఎప్పుడెప్పుడు ఖాళీ చేసి పోదామా అని చూస్తుంటాడు. సోడియం అలాంటిదే, అందుకే నీళ్లు కనబడితే చాలు భగ్గుమంటుంది.

"మరి న్యూట్రాన్లు?" అని అడిగింది పిట్ట.

"మీ బాబాయి. బరువుంటాడు, ఎవరి పక్షమూ మాట్లాడడు."

పిట్ట బల్ల మీద వాలిపోయి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అలా వచ్చినందుకు ఒళ్లు మండింది. నేను పదిహేను నిమిషాలు చెప్పినా తలకెక్కనిది ఈమె చెప్పులు విప్పకుండా ఎక్కించేసింది. ఆ సాయంత్రం నుంచి నేను గళ్లు గీసిన కాగితం అలమారా మీదకు పోయింది. పిట్ట పుస్తకం పట్టుకుని పిన్ని గదిలోకి పోయింది. తలుపు వేసుకునేవారు కూడా కాదు, అదే నాకు మరీ కష్టంగా ఉండేది. వేసుకుంటే వినపడేది కాదు కదా.

రోజూ వినేదాన్ని. బట్టలు మడుస్తూ, ఆ గది ముందు నుంచి అవసరానికి మించి తిరిగేదాన్ని. నియాన్ లాడ్జి నిండిపోయిందట, ఖాళీల్లేవని బోర్డు తిప్పేశారట, అందుకే ఎవరితోనూ కలవదట. క్లోరిన్‌కు ఒక్క మనిషి తక్కువట, రోడ్డు మీదకొచ్చి పిలుచుకుంటుందట. పిట్ట తిరిగి చెప్పేది, మధ్యలో తన సొంత పోలికలు చేర్చేది. పిన్ని మెచ్చుకునేది. అత్తయ్య కూడా ఒక రోజు తలుపు దగ్గర నిలబడి విని, చిన్నకోడలికి చెప్పే నేర్పు ఉందే అన్నారు. నా చదువు సంగతి ఆవిడకు తెలియక కాదు, గుర్తు లేక.

వచ్చే బుధవారం వాళ్ల సైన్సు మాస్టారు ఒక్కొక్కరి చేత చీటీ తీయిస్తారని, ఏ మూలకం వస్తే దాని బొమ్మ బోర్డు మీద గీసి వివరించాలని పిట్ట చెప్పింది. బాగా చెప్పినవాళ్లకు ప్రయోగశాల గోడకు పెట్టే పెద్ద పట్టిక రాసే పని ఇస్తారు. అది అక్కడే ఏళ్లపాటు ఉంటుంది, కింద రాసినవాళ్ల పేరు ఉంటుంది. ఆ పట్టిక రాయాలని పిట్టకు ఎంత ఉందో, రంగు పెన్నులు ముందే కొనిపించుకోవడంలోనే తెలిసింది. నీలం రంగు వాయువులకట, ఎరుపు లోహాలకట. నిద్రలో కూడా మూలకాల పేర్లు పలవరిస్తోందని మావారు నవ్వారు.

సోమవారం మధ్యాహ్నం బల్ల సర్దుతూ దాని నోటుపుస్తకం తెరిచాను. ఇరవై మూలకాలకూ ఇరవై లాడ్జీలు గీసి ఉన్నాయి, కిటికీలతో సహా. పద్దెనిమిదో మూలకం ఆర్గాన్ వరకూ అన్నీ సరిగ్గా ఉన్నాయి: రెండు, ఎనిమిది, ఎనిమిది. పంతొమ్మిదోది పొటాషియం. అక్కడ రెండు, ఎనిమిది, తొమ్మిది అని ఉంది.

తప్పు. లాడ్జి లెక్క ప్రకారం అదే రైటు. మూడో అంతస్తులో పద్దెనిమిది గదులున్నాయి, పది ఇంకా ఖాళీగానే ఉన్నాయి, వచ్చిన మనిషిని నాలుగో అంతస్తుకు ఏ లాడ్జివాళ్లూ పంపరు. పరమాణువు పంపుతుంది. బయటి కక్ష్యలో ఎనిమిది పడ్డాక పంతొమ్మిదో ఎలక్ట్రాన్ పై కక్ష్యకే పోతుంది. మూడోదాంట్లో మిగిలిన గదులు తర్వాతి మూలకాల్లో నిండుతాయి. రెండు, ఎనిమిది, ఎనిమిది, ఒకటి. ఆ చివరి ఒకటి వల్లనే పొటాషియం సోడియం కింద ఉంది, సోడియంలాగే ప్రవర్తిస్తుంది. పుస్తకంలో తర్వాతి పేజీలోనే ఆ సంగతి ఉంది. మా తోడికోడలికి లాడ్జి దొరికాక పేజీ తిప్పే అవసరం కనబడి ఉండదు.

పెన్సిలు నా చేతిలోనే ఉంది. తొమ్మిదిని కొట్టేసి సరిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది. పుస్తకం మూసి, ఉన్నచోటే పెట్టాను. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత హాయిగా కునుకు పట్టింది నాకు.

పిట్ట తెలివితక్కువది కాదు. మంగళవారం సాయంత్రం పిన్నిని అడిగింది: సోడియంకు చివర ఒకటి, పొటాషియంకు చివర తొమ్మిది, మరి రెండూ ఒకే వరుసలో ఎందుకున్నాయి అని. పిన్ని, ఓనరు చుట్టాలేమోలే, మా దగ్గరా కొందరికి గదులు అలాగే ఇస్తారు అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ పిట్టకు అది చాల్లేదు. పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మూడు వారాల తర్వాత, తనంతట తను నా దగ్గరికి.

"అమ్మా, పొటాషియం సోడియం కింద ఎందుకుంది?"

ఇన్నాళ్లూ దేనికోసం ఎదురుచూశానో అదే ఆ ప్రశ్న. జవాబు నాలుక చివర ఉంది. కానీ పిట్ట వెనకాల ఆ గదిలోంచి ఇంకా ఆ నవ్వు వినిపిస్తోంది.

"నన్నెందుకు అడుగుతావు? మీ పిన్ని ఉందిగా, అడుగు," అన్నాను.

పిట్ట పుస్తకం మూసి వెళ్లిపోయింది. నేను చేస్తున్న పని చేస్తూనే ఉన్నాను. రేపు బోర్డు దగ్గర తెలుస్తుంది దీనికి, ఎవరి దగ్గర చదవాలో, అనుకున్నాను. నా కూతురి గురించే అనుకున్నాను ఆ మాట.

అయినా ఇరవైమందికి ఇరవై చీటీలు. దానికి పొటాషియమే రావాలనేం లేదు. రాకపోతే ఏం చెయ్యాలా అని కూడా బుధవారం పొద్దుట ఆలోచించాను. ఇంతకంటే సిగ్గుపడాల్సిన ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

పొటాషియమే వచ్చింది. సాయంత్రం అది ఇంటికొచ్చి సంచీ బల్ల మీద కాకుండా నేల మీద పెట్టినప్పుడే తెలిసింది. ఏడవలేదు. నానమ్మ అడగ్గా అడగ్గా చెప్పింది. మూడో కక్ష్యలో తొమ్మిది చుక్కలు పెట్టిందట. మాస్టారు, మరి ఇది సోడియం కింద ఎందుకుందమ్మా అని అడిగారట. ఓనరు చుట్టాలు అనేసిందట. క్లాసంతా నవ్విందట. మాస్టారు నవ్వకుండా, పోలిక బాగుంది కానీ పోలికను పట్టుకుని పరమాణువును వదిలేశావు అన్నారట. పట్టిక రాసే పని వెనక బెంచీ అబ్బాయికి వెళ్లింది. వాడి చేతిరాత కోడి కెలికినట్టుంటుందని మాత్రం పిట్ట రెండుసార్లు చెప్పింది.

పిన్ని తప్పుగా చెప్పిందని ఒక్క మాట అనలేదు. నా దగ్గరికీ రాలేదు. నేను ఊహించుకున్న దాంట్లో అది ఏడుస్తూ నా ఒళ్లోకి వస్తుంది, నేను పుస్తకం తెరుస్తాను. అది చేతులు కడుక్కుని, రంగు పెన్నులు డబ్బాలో పెట్టి మూత బిగించింది.

మా తోడికోడలు వచ్చి విని, చెప్పులు విప్పకుండానే పిట్ట పక్కన కూర్చుంది. తప్పు తనదేనని పదిసార్లు అంది. రేపు డ్యూటీ మాని బడికి వచ్చి మాస్టారితో చెబుతానంది. అంత పెద్దమనసు ఆమెకు ఉండడం కూడా నాకు ఆ పూట భరించలేనిదిగానే అనిపించింది.

భోజనాలకు అందరం కూర్చున్నాం. మావారు, మరిది, అత్తయ్య, మేమిద్దరం, పిట్ట. మా తోడికోడలు ముద్ద కలిపి తినకుండా మళ్లీ మొదలుపెట్టింది, తెలియని దాంట్లో వేలుపెట్టానక్కా, నిన్ను అడిగి ఉండాల్సింది అని. మావారు ఆమెను ఓదార్చబోయారు, తెలియక జరిగినదానికి ఎవరేం చేస్తారు అన్నారు. ఇక ఊరుకోలేక కంచం పక్కకు జరిపాను.

"నాకు తెలుసు," అన్నాను. "సోమవారమే చూశాను పుస్తకంలో. నిన్న అది వచ్చి అడిగింది కూడా. తెలిసే చెప్పలేదు."

మా తోడికోడలు నావైపు చూసింది. ఆమె ముఖంలో కోపం రావడానికి కొంతసేపు పట్టింది, కానీ వచ్చింది. అత్తయ్య ఎందుకు అని అడిగారు. పిట్ట మాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాకూ తెలుసు," అంది కంచంలోకి చూస్తూ. "నీకు తెలియనిదైతే తెలియదని చెబుతావు. పిన్నిని అడుగు అనవు."

"రేపట్నుంచి కూర్చుందాం పిట్టా, మొదట్నుంచి చెబుతాను," అన్నాను.

"నేను కూడా కూర్చుంటా, నాకూ రావాలిగా," అంది మా తోడికోడలు నావైపు చూడకుండా.

పిట్ట మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"వద్దు. మాస్టారిని అడిగేశాను. రేపట్నుంచి బడి అయ్యాక గంటసేపు ప్రయోగశాలలో ఉండి చదువుకుంటాను. రానిది ఆయన్నే అడుగుతాను. ఇంట్లో ఎవరి దగ్గరా చదవను."

"ఆదివారాలో?" అని అడిగాను.

"ఆదివారాలు నేనే చదువుకుంటాను," అంది.