పోను పది కట్టలు, రాను ఇరవై రెండు

కొలతకు కోసిన తునికాకులో చిటికెడు తంబాకు పరిచి గంగమణి వేళ్లు బీడీ చుట్టేశాయి. దారం రెండు చుట్లు, కొసలు లోపలికి మడత. కళ్లు మాత్రం ఆ పని మీద లేవు. ఒడిలో చాట, చాట పక్కన విమానం టికెట్ కాగితం. రేపు పొద్దున పదింటికి హైదరాబాదు నుంచి దుబాయి.

ఆమె పెనిమిటి చిన్నయ్య అక్కడ కూలీల క్యాంపులో వంట చేస్తాడు. ఈ ఏడు సెలవు దొరకలేదు. నువ్వే నెల రోజులు రమ్మని టికెట్ పంపాడు. గంగమణికి యాభై రెండేళ్లు. బోధన్ దాటి నిజామాబాద్ దవాఖానకు పోయింది, బాసర పోయింది. అంతే.

పదిహేనో ఏటి నుంచి ఆమెకు కాలం తెలిసేది బీడీలతోనే. గంటకు నాలుగు కట్టలు, కట్టకు ఇరవై ఐదు. అన్నం ఉడకడానికి రెండు కట్టలు. కూతురు కావ్య పుట్టిన నాడు నొప్పులు మొదలయ్యాక పదకొండు కట్టలు చుట్టి అప్పుడు లేచింది.

"అక్కా, గిది సూడు," అంది, అదే అరుగు మీద చుడుతున్న పక్కింటి రుక్మాబాయితో. "పోయేటప్పుడు పదికెక్కితే పన్నెండున్నరకు దిగుతనట. పది కట్టలు. అచ్చేటప్పుడు పదికెక్కితే మూడున్నర. ఇర్వై రెండు కట్టలు. తొవ్వ ఒక్కటే గదా?"

రుక్మాబాయి కళ్లద్దాలు సర్దుకుంది. "పోయేటప్పుడు మొగని తానకు ఉరుకుతవు. అచ్చేటప్పుడు కాళ్లీడుస్తవు. విమానానికి గూడ ఎరికైనట్టుంది."

తన మాటకు తానే నవ్వింది. గంగమణి నవ్వలేదు.

"ఎటో తిరిగి అస్తదేమో. సముద్రం మీద తొవ్వ తప్పితే ఎవల్నడుగుతరు? నేను పోను."

మధ్యాహ్నం మరిది నాగేందర్ ఆటో తెచ్చాడు. హైదరాబాదు దాకా అతనే తోడు.

"లే వదినె. మూడు గంటల బస్సు."

"పోనంటి గదా."

నాగేందర్ వాదించలేదు. అన్నకు ఫోన్ కలిపి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చెప్పిందంతా చిన్నయ్య విన్నాడు.

"తొవ్వ తప్పుడు కాదే, పొద్దు తేడ. ఆడ మూడైతే ఈడ ఒంటిగంటన్నర. మీ తాన పొద్దు ముందుగాల పొడుస్తది. ఎటు పోయినా నాలుగు గంటలే."

గంటన్నర అంటే ఆరు కట్టలు. గంగమణి పదికి ఆరు కలిపింది. ఇరవై రెండులో ఆరు తీసింది. రెండు వైపులా పదహారే వచ్చింది.

"అయితే నీ తానకస్తే గంటన్నర చిన్నదాన్నైత," అంది.

"ఐతవు."

"మల్ల అచ్చేటప్పుడు?"

"ఇచ్చి పోవాలె."

"ఇయ్య."

నాగేందర్ ముఖం అటు తిప్పుకున్నాడు.

"సూడు, అప్పుడే చిన్నదైంది," అంది రుక్మాబాయి. ఈసారి గంగమణి కూడా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

చుట్టిన కట్టలు కార్ఖానాలో ఇవ్వమని రుక్మాబాయికి అప్పగించి, కొంగు దులిపి లేచింది. తంబాకు వాసన పోవాలని చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగింది. పోలేదు. ఆటో ఎక్కింది. చెరుకు ట్రాక్టరు వెనక నెమ్మదిగా పోయి, ఆటో మలుపు తిరిగింది.

రుక్మాబాయి చాట తీసి లోపల పెట్టబోయింది. గడప పక్కన, రేపటి పనికని గంగమణి అలవాటు కొద్దీ తడిపి గోనెపట్టలో చుట్టిన తునికాకు మూట. ఇంకా నీళ్లు కారుతూనే ఉంది.