మధ్యలో పెట్టిన పాట

పాట ఎవరు రాసినా వాళ్ల పేరు విడిగా వెయ్యకూడదనే నియమం పెట్టింది రూబీయే. అప్పటికి ఆమెకి పల్లవి దాటి చరణంలోకి అడుగు పెట్టడం చేతకాదు. గిటార్ వాయించే ఆరోన్ బాణీ తెచ్చేవాడు, కీబోర్డు మణిదీప్, డ్రమ్స్ సత్యప్రసాద్ దానికి తలో చెయ్యి వేసేవారు, రూబీ పాడేది. ఎవరు తెచ్చిన పాటనైనా నలుగురి మధ్యలో పెట్టాలి, నలుగురి చెయ్యీ పడ్డాకే అది పాట, పేరు బ్యాండుది. కాకినాడ జగన్నాథపురంలో, ఆరోన్ నాన్నగారు ట్యూషన్లు చెప్పే రేకుల షెడ్డులో, చర్చిలో ప్రమాణం చేస్తున్నంత గంభీరంగా ఈ మాట అనుకున్నారు. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడన్న సామెత ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ల వాళ్లకి సామెతలు ఎందుకు గుర్తొస్తాయి?

మూడేళ్లు తిరిగేసరికి రూబీకి పాట రాయడం వచ్చింది. ఎరువుల ఫ్యాక్టరీలో బస్తాలు మోసే వాళ్ల నాన్న చిట్టియ్య ఆ వేసవిలో గుండె ఆగి పోయాడు. ఆయన మీద ఆమె ఒక పాట కట్టింది. మాటలూ ఆమెవే, బాణీ కూడా ఆమెదే. 'ఫ్యాక్టరీ కూత కూస్తే గానీ మా ఇంట తెల్లారదు' అని మొదలవుతుంది. షెడ్డులో పాడి వినిపించింది, వినిపించి దీన్ని మాత్రం మధ్యలో పెట్టనంది. వచ్చే నెల రాజమండ్రిలో రికార్డు చెయ్యబోయే కాసెట్టు మీద ఈ ఒక్క పాట కింద తన పేరు ఒక్కటే ఉండాలంది. వాళ్లమ్మ దీనమ్మకి పాట సంగతే చెప్పలేదు. కాసెట్టు చేతిలో పెట్టి, ఇదిగో నాన్న మీద నేను రాసింది అని చూపించాలని ఆమె ఆశ.

ఆరోన్ గిటార్ పక్కన పెట్టాడు.

"నీకు రాయడం రాని రోజుల్లో నా బాణీలన్నీ మధ్యలో పెట్టాను, వాటిలో నీకూ వాటా వచ్చింది. అప్పుడు లేని రోషం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?"

రూబీ గొంతు పెంచింది. నీ బాణీలన్నీ సండే స్కూల్ పాటలకి రంగు పూసినవే కదా అనేసింది. అది నిజమో కాదో గాని, అనకూడని మాట. సత్యప్రసాద్ నియమం నియమమేనన్నాడు. మణిదీప్ కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ కూర్చున్నాడు. ఆమెకి అందరికంటే అతని మీదే ఎక్కువ మండింది.

తాము చదువుకున్న కాలేజీ వార్షికోత్సవంలో కొత్త పాట పాడతామని ముందే ఒప్పుకున్నారు, ఉన్న కొత్త పాట అదొక్కటే. నేను చెప్పినట్టు వాయించండి చాలంది రూబీ. షెడ్డులో ప్రాక్టీసుకి కూర్చున్నప్పుడు వాళ్లు కావాలనే చెప్పినట్టు వాయించలేదు. సత్యప్రసాద్ వేగం పెంచాడు. మణిదీప్ మధ్యలో తన ముక్క ఒకటి ఇరికించాడు. ఆరోన్ అయితే పల్లవి అయిన ప్రతిసారీ మైకు దగ్గరికొచ్చి 'తెల్లారనీ, చూద్దాం' అని ఒక కేక తగిలించాడు. మా నాన్న పాటలో నీ అరుపేంటని ఆమె కయ్యానికి దిగింది. నువ్వు మధ్యలో పెట్టకపోతే మేమే వచ్చి చెయ్యి పెడతాం అన్నాడతను.

వార్షికోత్సవం రోజు రూబీ వాళ్లకి సైగ చెయ్యకుండానే ఒక్కతే ఎత్తుకుంది, తను కట్టినట్టే, నింపాదిగా. కూతురు పాడుతుందని విని వచ్చిన దీనమ్మ ముందు వరుసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక వరుసల కుర్రాళ్లు మాత్రం కబుర్లలో పడ్డారు, ఎవడో ఆవులించినట్టు పెద్దగా శబ్దం చేశాడు. అప్పుడు డ్రమ్స్ మోగాయి. గిటార్ అందుకుంది. ఆరోన్ కేక వేశాడు, మైదానం మొత్తం తిరిగి వేసింది. రెండోసారికి అందరూ కుర్చీలెక్కారు. ఆమె రాసిన మాట ఒక్కటి కూడా వాళ్ల నోట రాలేదు, నోరంతా 'తెల్లారనీ, చూద్దాం'.

పాట బాగుపడింది. ఆ సంగతి అందరికంటే ముందు రూబీకే తెలిసింది, తెలిసినందుకే ఒళ్లు మండిపోయింది. వాళ్లు పాడుచేసి ఉంటే క్షమించేదేమో.

చప్పట్లు ఆగకముందే లెక్చరర్ సత్యశ్రీ గారు స్టేజీ ఎక్కి, ఇంత మంచి పాట ఎవరు రాశారని మైకులో అడిగారు. ఆరోన్ రూబీ చెవి దగ్గర, "నీ పేరే చెప్పుకోలే," అన్నాడు. బిచ్చం వేసినట్టు అన్నాడు.

రూబీ మైకు అందుకుంది.

"ఆరోన్ రాశాడండి. మాటలూ బాణీ మొత్తం తనేనండి. నేను ఊరికే పాడానంతే."

స్టేజీ వెనక్కి రాగానే ఆరోన్ ఆమె దారికి అడ్డం నిలబడి, ఏంటీ పిచ్చి అన్నాడు. మొత్తం నీకే ఇచ్చేశాను, రాజమండ్రిలో కూడా నువ్వే పాడుకో అంది రూబీ. అతని గొంతు ఆ ఒక్క కేక దాటి రెండో లైను పాడలేదని ఇద్దరికీ తెలుసు. పాట చచ్చినా సరే, వీడి చేతిలోనే చావాలి. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆమెకి అంత తృప్తిగా ఎప్పుడూ లేదు.

ఆ తృప్తి నిలవలేదు. మెట్ల మీద నుంచి దీనమ్మ వస్తోంది. కళ్లు తుడుచుకుంటూ కూతుర్ని దాటుకుని వెళ్లి ఆరోన్ రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఆయన్ని నువ్వు సరిగ్గా చూసింది కూడా లేదు కదయ్యా. కళ్లతో చూసినట్టే రాశావు. ఇంట్లో వాళ్లకే పట్టలేదు, నీకు పట్టింది. నిజంగా నువ్వేనా బాబూ రాసింది?"

రూబీ నోరు తెరిచింది. స్టేజీ మీద ఊరంతా వినగా అన్న మాటని ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకోవాలి? ఆరోన్ ఆమె వంక చూశాడు. తీరిగ్గా, ఆమె ఏమంటుందోనని ఆగి మరీ చూశాడు. తర్వాత దీనమ్మ వైపు తిరిగి తల వంచాడు.

"ఆయ్, నేనే రాశానండి."