రోడ్డుకు అటువైపు కుర్చీ

అమెరికాలోని బఫెలో నగరపు ఫుట్‌బాల్ జట్టు ఆ మైదానంలో ఆడే ఆఖరి ఆట అది. వచ్చే ఏటి నుంచి ఆటలన్నీ రోడ్డుకు అటువైపు కట్టిన కొత్త స్టేడియంలోనే. ఐరీన్ పావ్లాక్ తన కుర్చీ మీది మంచు దులుపుకుని, పక్క కుర్చీ మీదిది కూడా దులిపింది. అది లూషస్‌ది. నలభై ఏళ్లుగా అతనిదే.

ఇన్నేళ్లలో ఇద్దరూ స్టేడియం బయట ఒక్కసారైనా కలుసుకోలేదు. ఏడాది ఆటలన్నిటికీ ఒకే కుర్చీ కొనుక్కునే సీజన్ టికెట్ల వాళ్ల సంగతే అంత. పక్కవాడి మోకాళ్ల నొప్పులు తెలుస్తాయి, మనవలెందరో తెలుస్తుంది, ఏ ఆటగాణ్ణి ఏమని తిడతాడో తెలుస్తుంది. ఇంటిపేరు మాత్రం తెలియదు. ఆదివారం వస్తే మనిషి అక్కడే ఉంటాడు కదా, అడగడమెందుకు? భర్త పోయిన తర్వాతి ఆదివారం ఐరీన్ ఇక్కడికే వచ్చింది. లూషస్ తన దుప్పటి సగం ఆమె మోకాళ్ల మీద కప్పాడు.

అలాంటి మనిషి వచ్చే ఏడు పక్కన ఉంటాడో లేడో తెలియక ఆమెకు చాన్నాళ్లుగా కంటిమీద కునుకు లేదు.

లూషస్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"కుర్చీ తుడిచి పెట్టాను. దొరగారు కూర్చోవచ్చు."

"చివరి రోజుకన్నా మర్యాద నేర్చుకున్నావు తల్లీ," అంటూ కూలబడ్డాడు.

మొదటి సగం అయ్యేసరికి బఫెలోదే పైచేయి. విరామంలో ఐరీన్ గొంతు సవరించుకుంది.

"అటువైపు ఎక్కడ తీసుకున్నావు సీటు?"

లూషస్ కొత్త స్టేడియం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "తీసుకోలా. నాకొద్దు."

"అదేం మాట?"

"మొదటి స్టేడియం మా వీధి చివరే ఉండేది. రాళ్లగుట్ట అని అందరూ వెక్కిరించేవాళ్లు గానీ మా నాన్నకి అదే స్వర్గం. మంచి చొక్కా వేసుకుని నడిచెళ్లేవాడు. డెబ్బై మూడులో జట్టుని తెచ్చి ఈ ఊరవతల పడేశారు. ఆయన ఇక్కడికి ఒక్క ఆటకీ రాలేదు. రేడియోలో వినేవాడు, గెలిచినా నవ్వేవాడు కాదు. నేను ఒకసారి మారాను ఐరీన్. రెండోసారి నా వల్ల కాదు."

ఐరీన్‌కు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లు పక్కన కూర్చున్నదానికి ముందే ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా నీకు?"

"చెబితే దెబ్బలాడతావని."

"ఇప్పుడు మాత్రం ముద్దు పెట్టుకుంటానా?"

రెండో సగమంతా ఆమె రిఫరీని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ముందు వరుసలోని అతను వెనక్కి తిరిగి, "ఒంట్లో బాగాలేదా పెద్దమ్మా?" అని అడిగాడు.

ఆట ముగిసింది. గెలిచారు. అయినా ఎవరూ కదల్లేదు. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు, కొందరు తమ కుర్చీలకు ఫొటోలు తీసుకుంటున్నారు.

"నీతో ఒకటి చెప్పాలి," అంది ఐరీన్. "అటువైపు నేను రెండు సీట్లు తీసుకున్నాను. పక్కపక్కనే. రెండోది నీకు."

"నన్నడక్కుండానా?"

"అడుగుదామంటే నీ ఫోన్ నంబరన్నా ఉందా నా దగ్గర? టికెట్ల ఆఫీసులో అమ్మాయి పేరు చెప్పమంది. లూషస్ అన్నాను. ఇంటిపేరేంటంది. నాకు తెలిస్తేగా! తెలీదని చెప్పడానికి సిగ్గేసింది. పావ్లాక్ అనేశాను."

"లూషస్ పావ్లాక్," అన్నాడతను నెమ్మదిగా. తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నాకు డెబ్బై ఆరేళ్లొచ్చాక నన్ను కట్టుకున్నావన్నమాట, చెప్పాపెట్టకుండా."

"నోర్ముయ్. రానంటే రానని చెప్పు, ఆ సీటు తిరిగిచ్చేస్తాను. నువ్వు లేకపోతే నాదీ ఇచ్చేస్తాను."

లూషస్ నవ్వు ఆగిపోయింది.

"మా నాన్న పక్కన నీలాంటి దెబ్బలాటకోరు ఉండుంటే ఆయనా వచ్చేవాడేమో," అన్నాడు. "రేపెళ్లి ఆ పేరు మార్పించు. గ్రీన్‌లీ. లూషస్ గ్రీన్‌లీ."