శనివారం పడిన పండుగ

నేను ఒక పొట్టేలు కొమ్మును. మెలి తిరిగి, మూరెడు పొడవుంటాను. గుంటూరు పక్క పల్లెలో నాలుగైదు యూదు కుటుంబాలు ఉన్నాయంటే మీరు నమ్ముతారో లేదో, నేను వాళ్ల కొమ్మును. ఊళ్లో తక్కినవాళ్లు నన్ను చూసి జాతర బూర అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం పోయింది?

నన్ను మోసిన పొట్టేలు బతికుండగా దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. అది కూరైపోయాక ఫీనెహాసు నన్ను తెచ్చుకున్నాడు. ఆయన మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి. నన్ను నీళ్లలో పడేసి పొద్దంతా ఉడకబెట్టి, లోపలి ఎముక ఊడబెరికి, ఎర్రగా కాల్చిన చువ్వతో కొసన బెజ్జం చేశాడు. అబ్బో, ఆ మంట! ఆవు కొమ్మయితే పనికిరాదట. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో బంగారు దూడకు మొక్కి దేవుడికి కోపం తెప్పించారట, ఆ సంగతి ఆయనకు మళ్లీ గుర్తు చేయడం ఎందుకని. ఎంత జాగ్రత్తో చూశారా!

రోష్ హషానా, అంటే వాళ్ల సంవత్సరాది, వచ్చిందంటే నాకు గిరాకీ. ఏడాదంతా తియ్యగా ఉండాలని ఆపిల్ ముక్కలు తేనెలో ముంచుకుని తింటారు. ఫీనెహాసు కథ చెప్పేవాడు. అబ్రాహాము కొడుకును బలి ఇవ్వబోతే దేవుడు ఆపాడని, కొమ్ములు పొదలో చిక్కుకున్న పొట్టేలు అతని బదులు బలయిందని. పిల్లవాడు బతికాడని అందరూ కళ్లు తుడుచుకునేవాళ్లు. పొట్టేలు సంగతి ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అయినా ఆయన నన్ను ఎత్తి ఊదితే నా కోపమంతా పోయేది. నూరుసార్లు ఊదాలి. కొన్ని పొడుగ్గా, కొన్ని వెక్కి వెక్కి ఏడ్చినట్టు. ముప్పై ఏళ్లు ఆయన ఊపిరి నాలోంచి పోయింది.

మిగిలిన ఊపిరిని మిర్చి ఘాటు తినేసింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇక రోజుల్లోనే ఉందని డాక్టరు చెప్పాడు. మంచాన పడ్డా ఆయనకు ఒకటే యావ.

“ఈ పండక్కి ఒక్కటంటే ఒక్కసారి ఊది పోతానే,” అనేవాడు భార్య తిర్సాతో.

పండుగ వచ్చింది. వచ్చి వచ్చి శనివారం పడింది. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం. ఆ రోజు పండుగ పడితే నన్ను ఊదరు, మర్నాడు ఊదుతారు. ఆ నియమం వాళ్లందరికీ నేర్పింది ఫీనెహాసే. కానీ మంచంలో ఆయనకు వారాలు గుర్తులేవు. తిర్సా చెప్పలేదు. మర్నాటిదాకా ఉంటాడన్న ధైర్యం ఆమెకు లేదు. తమవాళ్లంతా ప్రార్థనకు వెళ్లాక నన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“ఊదు మావా, పండగొచ్చింది,” అంది. ఆ పాపమేదో తన నెత్తినే వేసుకుందామనుకుంది, పిచ్చితల్లి. ఇరుగుపొరుగు వినకుండా వీధి తలుపు వెయ్యడానికి వెళ్లింది.

ఆ కాస్తలో ఆయన నన్ను పెదవులకు ఆనించుకున్నాడు. ఊదాడు. ఏమీ రాలేదు. మళ్లీ ఊదాడు. నాకు తగిలింది కాస్త వెచ్చదనం, అంతే. ఆయన కన్నీళ్లు నామీద పడ్డాయి. తిర్సా అడుగుల చప్పుడు వినగానే గబగబా తుడిచేశాడు.

ఆమె వచ్చేసరికి వంటింటివైపు చూస్తున్నాడు. మామూలు పండుగనాడు వంట చేసుకోవచ్చు, శనివారం మాత్రం వాళ్లు పొయ్యి జోలికి పోరు. ఆయన కోసం అంత పనికి తెగించిన మనిషి, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ పొయ్యి రాజెయ్యడమే మరిచిపోయింది.

“పొయ్యి రాజెయ్యలేదేందే? ఇయ్యాల శనివారమా?”

తిర్సా తల దించుకుంది.

“నన్నే బురిడీ కొట్టిద్దామనుకున్నావా! శనివారం ఊదకూడదు గదే. రేపు ఊదుతాలే,” అని నవ్వి, నన్ను ఆమె చేతికిచ్చేశాడు.

పొద్దు గుంకకముందే పోయాడు.

తక్కిన కుటుంబాలవాళ్లు వేరే కొమ్ము తెచ్చుకున్నారు. నేను తిర్సా ట్రంకుపెట్టెలో, ఆమె పాతచీర మడతలో ఉన్నాను. ఏటా పండక్కి నన్ను బయటికి తీసి, గుండెకు హత్తుకుని ఏడుస్తుంది.

“ఆ పొయ్యి ఒక్కటి రాజేసుంటే ఊది పోయేవాడివి గదా మావా. నీ ఆశ నేనే చంపాను గదా,” అంటుంది.

లేదమ్మా, లేదు. ఆ పొద్దు ఆయనలో ఊదేంత ఊపిరి లేదు. నీ ముందు ఓడిపోవడం ఇష్టంలేక, చల్లారిన పొయ్యిని వంక చేసుకున్నాడు. అది తెలిసింది నాకొక్కదానికే. నాకేమో, ఎవరో ఒకరు ఊదితేగాని నోరు లేదు.