నా గూట్లో పడుకున్న తలలు

నేను ఒక తలపంజరాన్ని. విశాఖలోని ఓ ఆసుపత్రిలో, మనిషిని ఎమ్మారై యంత్రంలోకి తోసేముందు తలకు తొడిగే ప్లాస్టిక్ గూడు ఉంటుందే, అదే నేను. ఎక్కడో చలిదేశంలో పుట్టి, ఓడెక్కి వచ్చాను. నాయకుల తలలూ మోశాను, తాపీమేస్త్రీల తలలూ మోశాను. బయట ఎన్ని హెచ్చుతగ్గులున్నా లోపల అందరివీ అవే మడతలు. ఈ సంగతి నేను చెబితే ఎవరు వింటారు లెండి!

స్కిజోఫ్రీనియాకూ, మెదడు నిర్మాణానికీ, వంశంలో దిగివచ్చే జన్యువులకూ సంబంధమేమిటో తేల్చాలని డాక్టర్ ఇందుమతి పరిశోధన మొదలుపెట్టింది. రోగులతోపాటు తోబుట్టువుల రక్తమూ, మెదడు చిత్రాలూ కావాలంది. గోవిందుకి ఆ జబ్బుంది. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తాయి. తల్లి సన్యాసమ్మ పెంపకం వల్లే అలా అయ్యాడని చుట్టాలు ఆమెను కాల్చుకుతిన్నారు. ఆ మాట నిజమో కాదో తేలాల్సిందేనని చెల్లెలు రేవతి పంతం పట్టి, ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చింది.

ముందు గోవిందు పడుకున్నాడు. తర్వాత రేవతి. ఒంటిమీద లోహమేమీ లేదని చెప్పింది పాపం. తీరా చూస్తే తెరమీద, తల వెనకభాగంలో, ఇంత నల్లటి గుంట. గాజుతలుపు అవతలనుంచి అది చూసి సన్యాసమ్మ కూలబడిపోయింది.

"దీనికీ వచ్చీసిందా డాట్రమ్మా?"

"జబ్బు కాదమ్మా, ఇనుము. జడ విప్పి చూడండి."

జడపాయల మధ్య నల్లదారంతో బిగించిన తాయెత్తు దొరికింది. లోపల గుర్రపునాడా ముక్క.

"జడేసినప్పుడు దీనికి తెలీకుండా నానే కట్టేను. అన్నకి పట్టిన గాలి దీనికీ సోకుద్దేమోనని బయమేసింది," అంది తల్లి. అయ్యో, బిడ్డను కాపాడబోయి ఎంత హడలిపోయిందో!

రేవతి తాయెత్తు ఆమె చేతిలో పెట్టి, "మళ్లీ తియ్యండి," అని నాలో తల పెట్టింది.

కొన్నాళ్లకు వాళ్లను పిలిచి, ఇందుమతి నా పక్కనే నిలబడి చెప్పింది. ఒక్క చిత్రం చూసి ఎవరి జాతకమూ చెప్పలేం. పెంపకం వల్ల వచ్చే జబ్బు కాదిది. జన్యువుల్లో చిన్నచిన్న తేడాలు ఎన్నో కలిసి, ఇంకా ఏవేవో తోడై వస్తుంది.

"అంటే నా రక్తంలోంచే వచ్చిందా?" అంది సన్యాసమ్మ.

"కొంత మీనుంచి, కొంత మీ ఆయననుంచి, కొంత మీ ముందువాళ్లనుంచి. ఎవరూ ఎంచి ఇచ్చింది కాదమ్మా. అలాంటివి నాలోనూ కొన్ని ఉంటాయి."

 ఆ రోజునుంచీ తన మెడలోనే ఉన్న ఆ తాయెత్తును సన్యాసమ్మ తీసి కూతురికిచ్చింది.

"అయితే నా బుర్ర కూడా తియ్యండి. బిడ్డలిద్దరూ చూపించేరు. నానెందుకు దాక్కోవాల?"

ఇప్పుడు కొత్త యంత్రం వచ్చింది. నన్ను స్టోరుగదిలో విరిగిన స్ట్రెచర్ పక్కన పడేశారు. దుమ్ము పడుతోంది, పడనీ. యంత్రం దడదడలాడుతుంటే ఎంతటివాళ్లైనా ఉలిక్కిపడతారు. ఆ రోజు సన్యాసమ్మ మాత్రం చివరిదాకా కదల్లేదు.