పాట తోకలో దుకాణం పేరు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక అద్దె దుకాణం, రెండు టేప్ రికార్డర్లు, ఒక కంప్యూటర్, దాన్ని నడపడం చదువుకున్న కూతురు. క్యాసెట్లు కొనేవాళ్లు కరువయ్యాక, జనం ఇళ్లలో మూలపడ్డ క్యాసెట్లను ఫోనులో వినే ఫైళ్లుగా మార్చి ఇచ్చే పనిలోకి దిగాను.

ప్రతి పాట ఫైలులోనూ పాట పేరు, కళాకారుడి పేరు రాసే చోటు ఉంటుంది. పాట మోగుతుంటే తెరమీద కనిపించేవి అవే. కళాకారుడి చోట నేను మా దుకాణం పేరు వేసేవాణ్ణి. ఊరికే వచ్చే ప్రచారాన్ని ఏ వ్యాపారి కాదంటాడు?

ఒక ఉదయం పక్కవీధి క్లారినెట్ ఆయన వచ్చాడు. ఎప్పుడూ నన్ను అన్నా అనేవాడు, ఆ రోజు వరస మార్చాడు.

"ఏమండీ వ్యాపారిగారూ, నేను గుండెలు అదిరేలా ఊదితే పేరు మీ కొట్టుదా? సొమ్మొకడిది సోకొకడిది! సంగీత పాఠశాలలో మేష్టారి ఉద్యోగానికి, మీరు ఫైళ్లుగా మార్చిచ్చిన నా కచేరీలు పంపితే, ఎవరివో ఎత్తుకొచ్చావన్నారు. సాయంత్రంలోగా సరిచేసి పంపకపోతే ఆ ఉద్యోగం ఇంకొకడిది."

"అరవకు తమ్ముడూ. మా అమ్మాయి చిటికెలో చేసేస్తుంది."

"చిటికెలు నాకెందుకు? ఉద్యోగం కావాలి."

అమ్మాయి ఇంటర్నెట్ నుంచి ఏదో లైబ్రరీ దించుకుంది. "పుస్తకాలది కాదు నాన్నా. పాట ఫైళ్లు తెరిచి పేర్లు మార్చే ప్రోగ్రాం ఎవరో రాసిపెట్టారు. మనం నాలుగు వరుసలు కలిపితే చాలు."

"ఎంతట?"

"ఊరికే."

ఊరికే పంచి వాళ్లెలా బతుకుతారో నాకు ఇప్పటికీ లెక్క తేలలేదు.

టీ చల్లారేలోగా ఫైళ్లన్నీ మారాయి. ఫోనులో క్లారినెట్ ఆయన పేరే వచ్చింది. పంపేయమన్నాను. ఆయన వినలేదు. పాఠశాలవాళ్ల దగ్గరున్నది పాత ప్లేయరే అంటూ, అలాంటిదే సంచిలోంచి తీసి ఒక పాట వేశాడు. మళ్లీ మా దుకాణం పేరే!

అమ్మాయి తల గోక్కుని వెతికింది. "ఫైలు తలలో ఒక చీటీ, తోకలో ఒక చీటీ ఉన్నాయి నాన్నా. మనం తలలోదే మార్చాం. పాత యంత్రాలు తోకలోది చదువుతాయి."

"అయితే తోకలో ఆయన పేరు పక్కనే మనదీ ఉంచు."

"అక్కడ ముప్పై ఇంగ్లీషు అక్షరాలకే చోటు. బాబాయ్ పేరే ఇరవై తొమ్మిది."

"ఇద్దరు తాతల పేర్లూ కలిపి పెట్టారమ్మా," అన్నాడాయన. "మీ నాన్నకు ఒక్క అక్షరం మిగిలింది, వేసుకోమను."

బేరానికి చోటు లేదు. తీసేయమన్నాను. పాత ప్లేయరులో ఆయన పేరు చూశాకే ఫైళ్లు పంపాం, గడువుకు కాస్త ముందు.

ఉద్యోగం వచ్చింది. నెల తిరక్కుండా పాఠశాల బీరువాలోని క్యాసెట్లన్నీ రిక్షాలో మా దుకాణం ముందు దిగాయి, వెనకాలే ఆయనా. "అన్నా, వీటిలో ఎవరి పేరు వేస్తావ్?"

"వాయించినవాళ్లదే. పక్కన కూర్చుని చెప్పు."

ఇప్పుడు క్యాసెట్ తెచ్చిన ప్రతివాళ్లనూ పాడిందెవరని అడుగుతున్నాను. చెబుతూ చెబుతూ వాళ్లకు ఇంట్లో ఉన్న ఇంకో క్యాసెట్ గుర్తొస్తుంది. మొత్తం మీద పోయింది ఊరికే వచ్చిన ప్రచారం. వచ్చింది చేతినిండా పని.